పచ్చికూరల గిన్నె

27-11-1943, శనివారం

సత్తియ్య పంతులు గారికి.

నా చేతిరాత బాగుండదు. కొండకర్ల వీధిబడిలో మూడేళ్ళు చదివాను, అంతే. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ఒత్తులు తప్పుతాయి. పెద్దమనసుతో సర్దుకుని చదవండి.

మీరు ఈ నోటు పుస్తకం ఇచ్చి, రోగి ఏం తిన్నదీ, ఒళ్ళు ఎలా ఉన్నదీ రోజూ రాయమన్నారు. మొదటి పేజీలో వివరాలు ఉండాలన్నారు. నా పేరు సైదా సాహెబ్. అరవై ఆరో ఏడు. ఇత్తడి, రాగి గిన్నెలకు లోపల తగరం పూసి కళాయి వేస్తాను. రోగి నా భార్య హాజిరాబీ. నాలుగు నెలలుగా కాళ్ళకీ మొహానికీ నీరు పట్టింది. ఆస్పత్రి మందు రెండు నెలలు తాగింది. తగ్గలేదు. అందుకని శారద ఏటి ఒడ్డున మీరు ప్రకృతి వైద్యం చేసే పాకకి తీసుకొచ్చాను.

మీరు చెప్పింది. ఉప్పు వద్దు. పొయ్యి వద్దు. ఈ చలికాలం దొరికే కూరలు పచ్చివే బాగా కడిగి, సన్నగా తురిమి, నిమ్మకాయ పిండి, మెత్తబడే దాకా ఉంచి పెట్టాలి. పళ్ళు నాలుగే మిగిలాయి కనుక ఎక్కువసేపు నాననివ్వాలి. మట్టి మూకుడులో కలపాలి. పాలు, నెయ్యి, మాంసం, చేప ఏదీ లేదు. మూడు నెలలు.

రాసుకున్నాను.

28-11-43, ఆదివారం

కూరలమ్మే దేముడమ్మ మా పక్కింట్లోనే ఉంటుంది. తెల్లారి బుట్ట ఎత్తుకోబోతుంటే ఆపి కొన్నాను. రెండు ముల్లంగి, ఒక చిన్న క్యాబేజీ, ఎర్రగా పండిన రామ్ములక్కాయలు, ఉల్లికాడలు, కొత్తిమీర. క్యారెట్టు వాల్తేరు మిలిటరీ వాళ్ళకే పోతోందట, దొరకలేదు.

"ఏటి మామా, సాయిబులింట్లో ముల్లంగి పండగేటి?" అంది.

పచ్చివి తినడానికి అన్నాను.

"పచ్చివే? ఉప్పూ కారం నేకుండానే? బీబమ్మ నిన్ను మూకుడెట్టి కొడతాది."

నేను కత్తిపీట ముందు కూర్చోవడం ఇదే మొదలు. వేలు తెగింది.

29-11-43

హాజిరాబీ రెండు ముద్దలు తిని పక్కన పెట్టేసింది. మాట్లాడలేదు. పంతులు గారికి సగం తిన్నది అని రాయాలి.

30-11-43, మంగళవారం

ఒక సంగతి తేల్చుకున్నాను. ఆయనకి వారం వారం వేరే కాగితం మీద తిన్నది రాసి ఇస్తాను. ఈ పుస్తకం నా దగ్గరే ఉంటుంది. ఇందులో ఏదైనా రాసుకోవచ్చు. ఎవరితోనూ మాట్లాడని వాడికి ఇది బాగుంది.

నిన్నటి సగం కూడా అబద్ధమే.

2-12-43, గురువారం

ఇవాళ మాట్లాడింది.

"ఏటిది సాయిబూ. మూకుట్లో ఏసి ముందెట్టేవు. గేదెకి కుడితెట్టినట్టుంది."

కోపం వస్తే నన్ను సాయిబూ అంటుంది, బేరానికి వచ్చిన ఆడవాళ్ళలాగ. ముల్లంగి ఒంటికి మంచిది అన్నాను.

"మంచిదైతే నువ్వు తిను."

తిన్నాను. చప్పగా, ఘాటుగా ఉంది. గొంతు దిగలేదు. బాగుంది అన్నాను. నవ్వింది. వాచిన మొహంతో నవ్వితే కళ్ళు మూసుకుపోయాయి.

ఈ మనిషి తిండి మొత్తం ఇదే. తినకపోతే నీరు గుండెకి ఎక్కుతుందని పంతులు గారు చెప్పారు. ఎలాగైనా తినిపించాలి.

4-12-43, శనివారం

పొద్దున్న ఒక పని చేశాను. అటక మీద వెడల్పాటి రాగి గిన్నె ఉంది. లోపల కళాయి పోయి ఏళ్ళయింది. దానికి కళాయి వేశాను, ఆమె కోసం.

తగరం లేదు. సింగపూరు జపానువాళ్ళ చేతికి పోయిన దగ్గర నుంచి సరుకు రావడమే లేదు. ఉన్న కాస్తలో సీసం కలిపి లాక్కొస్తున్నాను, సగానికి సగం. ఈ పని చేసేవాళ్ళందరూ అంతే. సీసం కలిపిన గిన్నెలో పులుసు కాస్తే మంచిది కాదని నాకు పని నేర్పిన ఉస్తాదు అనేవాడు. పులుపూ వేడీ కలిస్తే సీసం కరుగుతుందట. మొదట్లో నేనూ ఆడవాళ్ళకి చెప్పేవాణ్ణి, పులుసు కాచకండమ్మా అని. ఎందుకని అడిగేవారు. అంత చెప్పడానికి నాకు నోరు రాదు. తరవాత చెప్పడం మానేశాను. మా ఇంట్లో మాత్రం సీసం కళాయి వేయలేదు. మట్టి కుండల్లోనే వండుకున్నాం.

అయితే ఇది పొయ్యి ఎక్కే గిన్నె కాదు. పులుసు కాచేది కాదు. పచ్చి దుంపలు, ఆకులు. వేడి తగలందే సీసం కదలదు.

ఇసక పోసి కాళ్ళతో తిప్పి తోమాను. బొగ్గుల మీద పెట్టి తిత్తి ఊదాను. నవాసారం చల్లి, కడ్డీ రాసి, దూదితో తిప్పాను. ఈ మధ్య ఇంత శ్రద్ధగా ఏ పనీ చేయలేదు. వెండిలా వచ్చింది. తీసుకెళ్ళి ఆమె ముందు పెట్టాను. అందులో మొహం చూసుకుంది.

"ఇంత ఉబ్బిపోయేనా నేను."

తగ్గుతుంది బీబీ అన్నాను.

"అద్దంలాగుంది. ఇందులో నువ్వు గడ్డేసినా తింతాను."

5-12-43

తిన్నది. మొత్తం. మొలకెత్తిన పెసలు, కొబ్బరి కోరు కూడా కలిపాను. కాగితం మీద నిజమే రాశాను.

8-12-43, బుధవారం. బక్రీదు.

వీధి అంతా మాంసం వాసన. మూడు ఇళ్ళ నుంచి పంపారు. అన్నీ వెనక్కి ఇచ్చేశాను. ఇవాళ ఒక్క రోజు కొంచెం తింటావా అని అడగబోయి ఊరుకున్నాను. ఆమే అంది.

"తలుపేసేయ్."

వేశాను. గిన్నె దగ్గర పెట్టుకుని కూర్చున్నాం. ఆమె ముల్లంగి తింది. నేనూ మాంసం ముట్టలేదు, అటుకులు నానబెట్టుకున్నాను.

9-12-43

పాదం మీద వేలితో నొక్కితే పడే గుంట ఇవాళ తొందరగా పూడింది. రెండుసార్లు నొక్కి చూశాను.

12-12-43, ఆదివారం

చీలమండ ఎముక కనిపిస్తోంది. నాలుగు నెలల తరవాత కనిపించింది. పంతులు గారు చూసి సంతోషించారు. ఉప్పు మానేసిన గుణం, పచ్చికూర గుణం అన్నారు. నేను ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టబోతే, "అదేటి సాహెబు గారూ, చేసింది మీరు" అన్నారు. వెనక్కి జరిగిపోయారు. ఆయనకీ నాలాగే సిగ్గు.

దేముడమ్మ నిమ్మకాయలు ఊరికే ఇచ్చింది. "బీబమ్మ నేచి తిరిగిందంటే నాకు గాజులేయించాలి మామా" అంది.

14-12-43

తురిమిన ముక్క ఇంకా గట్టిగా ఉందంటోంది. ఇక మీద రాత్రి పడుకోబోయే ముందే తురిమి, నిమ్మకాయ పిండి, గిన్నె మీద పళ్ళెం మూసి ఉంచుతాను. మర్నాడు మధ్యాహ్నానికి మెత్తబడుతుంది.

16-12-43, గురువారం

మెత్తగా ఉంది, బాగుందంది.

"బెల్లం ఏసేవా? తియ్యగున్నాది."

వేయలేదన్నాను.

"నాకు సెప్పకుండా ఏసేవు. అనకాపల్లోడివి కాదేటి నువ్వు."

వేయలేదు. నేనూ ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. నిజమే. నిమ్మపులుపు తెలియలేదు, తీపి తగిలింది. కొత్త ముల్లంగి. ఈ నెలలో ముల్లంగికి తీపి ఉంటుంది.

అడిగి పెట్టించుకుంది. అడిగి.

19-12-43, ఆదివారం

పంతులు గారు ఇంటికి వచ్చారు. హాజిరాబీ కడుపులో నొప్పి అంటోందని కబురు పెట్టాను. రెండు రోజులుగా దొడ్డికి వెళ్ళలేదు. పొట్ట మీద మట్టి పట్టీ వేశారు. రోగం బయటికి పోయే ముందు ఒళ్ళు ఇలా తిరగబడుతుంది, భయపడకండి అన్నారు.

వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి అడిగారు.

"మట్టి మూకుడులోనే కలుపుతున్నారు కదా?"

తల ఊపాను.

ఎందుకు ఊపానో తెలియదు. రాగి గిన్నె అంటే నా మాట లెక్కచేయలేదు అనుకుంటారేమో అనిపించింది. పెద్ద మనిషి. మట్టిది ఆమెకి నచ్చలేదు, అందుకని వేరే గిన్నె చేశాను అని చెప్పాలంటే నాలుగు మాటలు కావాలి. తల ఊపితే అయిపోతుంది.

చిన్న విషయం.

22-12-43

నొప్పి తగ్గింది. బాగుంది.

25-12-43, శనివారం

నొప్పి మళ్ళీ. బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు ఉందంటోంది. నిమ్మకాయలు రెండు ఎక్కువ పిండాను. పులుపు పేగులు కడుగుతుందని పంతులు గారు ఒకసారి అన్నారు.

గిన్నె లోపల వెలుగు పోయింది. బూడిద రంగులోకి వచ్చింది. మసకగా ఉంటే ఆమెకి తినబుద్ధి కాదు.

26-12-43

గిన్నెకి మళ్ళీ కళాయి వేశాను. మొదటిసారి పల్చగా పడి ఉంటుంది, ఈసారి ఒత్తుగా వేశాను.

28-12-43

మొహం బాగా తీసింది. నీరు తగ్గినట్టే. బుగ్గలు లోపలికి పోయాయి. రంగు తెల్లగా అయింది. పంతులు గారి కాగితంలో నీరు పూర్తిగా తగ్గింది అని రాశాను.

1-1-44, శనివారం

బాగుంది.

3-1-44

బాగుంది. గ్లాసు చేతిలోంచి జారిపోయింది. చెయ్యి తిమ్మిరి అంది.

6-1-44, గురువారం

మొహర్రం పీర్లు మా వీధిలోంచి వెళ్ళాయి. గుమ్మంలోకి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. పానకం వాళ్ళు వచ్చి గ్లాసు ఇవ్వబోయారు. ఆమె చెయ్యి చాపింది. మణికట్టు దగ్గర చెయ్యి నిలవలేదు, వేళ్ళు కిందికి వాలిపోయాయి. తువ్వాల వేలాడినట్టు ఉంది. నేను అందుకుని తాగించాను. పంతులు గారు బెల్లం వద్దన్నారు. అయినా తాగించాను.

"ఆ తీపి కాదు" అంది.

ఏ తీపి అన్నాను.

"నీ గిన్నెలో తీపి. నోట్లోంచి పోవట్లేదు."

9-1-44, ఆదివారం

పంతులు గారు ఇవాళ ఎక్కువసేపు కూర్చున్నారు. నాడి చూశారు. ఆయన ముఖం చూస్తే నాకు భయం వేసింది. మనం ఎక్కడో తొందర పడ్డాం సాహెబు గారూ అన్నారు. పచ్చికూర కొంచెం తగ్గించి, గంజి మొదలు పెట్టమన్నారు. ఉప్పు లేకుండా.

ఆయన వెళ్ళాక గంజి కాచాను. తాగలేదు. గిన్నె చూపించింది. గిన్నెలోదే పెట్టాను. అదొక్కటే ఇష్టంగా తింటోంది.

12-1-44, బుధవారం

పాయకరావుపేట నుంచి అమ్మాయి వజీరున్నీసా వచ్చింది. కార్డు నేనే రాశాను. తల్లిని చూసి గుమ్మంలోనే కూలబడింది.

"ఏటి పెట్టేవబ్బా ఈవిడికి? సేప లేదు, మాంసం లేదు, అన్నం లేదు, ఉప్పు కూడా లేదా? మనిషికి పెట్టేదేనా ఇది?"

నీరు తగ్గింది అన్నాను.

"నీరు తగ్గలేదు. మనిషి తగ్గిపోయింది."

పంతులు గారు అదే సమయానికి వచ్చారు. అమ్మాయి బయటికి వెళ్ళి ఆయన్ని వీధిలోనే నిలబెట్టి అడిగింది. దేముడమ్మ ఆపబోయింది. ఆయన ఒక్క మాటకీ ఎదురు చెప్పలేదు. చేతిలో నిమ్మకాయలు ఉన్నాయి. అవి అరుగు మీద పెట్టి వెళ్ళిపోయారు.

నేను లోపలే ఉన్నాను.

13-1-44

కూరలు మానేశాం. అమ్మాయి అన్నం, చేపల పులుసు పెట్టింది. తిన్నదంతా కక్కేసింది. గిన్నె తోమి అటక మీద పెట్టేశాను.

17-1-44

ఒళ్ళు బిగుసుకుని కొట్టుకుంది. రెండుసార్లు. తెలివి వచ్చాక నన్ను గుర్తు పట్టలేదు. దేముడమ్మని బుల్లమ్మా అని పిలిచింది. బుల్లమ్మ ఆమె చిన్నప్పటి స్నేహితురాలు. పోయి ముప్పై ఏళ్ళయింది.

19-1-44, బుధవారం

బండి కట్టించి ఆస్పత్రికి తీసుకెళ్ళాం. కొత్త డాక్టరు కుర్రాయన. ఏదో అన్నాడు. మందు ఇచ్చాడు. రాత్రికి అక్కడే ఉంచుకున్నారు.

20-1-44, గురువారం

నిన్న డాక్టరు అన్నది రాయలేదు. రాస్తాను.

డాక్టరు చెంచా వెనక వైపుతో ఆమె పెదవి పైకి ఎత్తాడు. ఉన్న నాలుగు పళ్ళ మొదట్లో చిగుళ్ళ మీద నల్లటి గీత ఉంది. నీలం కలిసిన నలుపు. పెన్సిలుతో గీసినట్టు సన్నగా. నన్ను దగ్గరికి పిలిచి చూపించాడు. వాలిపోయిన చెయ్యి ఎత్తి చూపించాడు. అమ్మాయి అప్పుడు మందు చీటీ పట్టుకుని కిందికి వెళ్ళింది.

"ఏమి చేస్తుంటారు మీరు?"

కళాయి అన్నాను.

నల్లబడిన నా వేళ్ళు చూశాడు. "సీసం వాడతారా?"

తల ఊపాను.

"ఈమె తిన్నది ఆ గిన్నెల్లోనా?"

పొయ్యి మీద పెట్టలేదు బాబూ అన్నాను. పచ్చికూరలే అన్నాను. నిమ్మకాయ పిండి ఉంచాను అన్నాను.

"ఎంతసేపు ఉంచేవారు?"

రాత్రి నుంచి మధ్యాహ్నం దాకా.

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. పులుపుకి నిప్పు అక్కర్లేదు తాతగారూ అన్నాడు. అది నానుతూ ఉంటే చాలు, సీసం అదే దిగుతుంది. దిగితే తియ్యగా కూడా ఉంటుంది. ఒంట్లో ఉన్న జబ్బు వల్ల ఈమెకి ఆ సీసం బయటికి పోలేదు. నిలిచిపోయింది. ఇప్పుడు చేయగలిగింది తక్కువ.

ఆయన గట్టిగా మాట్లాడలేదు. తిట్టలేదు. తిట్టి ఉంటే అమ్మాయి మెట్ల మీద ఉండగానే వినేది.

అమ్మాయి వచ్చి, ఏమన్నాడబ్బా అని అడిగింది.

ఒంట్లో విషం చేరిందట అన్నాను.

"చేరదా మరి. రెండు నెలలు గడ్డి పెట్టేడు ఆ పంతులు."

నేను ఊరుకున్నాను.

21-1-44

ఇంటికి తీసుకొచ్చేశాం. తెలివి లేదు.

22-1-44

మధ్యాహ్నం కళ్ళు తెరిచింది. అమ్మాయి నీళ్ళు తేవడానికి వెళ్ళింది. ఎవరూ లేరు. చెబుదామని దగ్గరికి జరిగాను. బీబీ, ఆ గిన్నె అన్నాను.

"తోమేవా?" అంది.

తోమాను అన్నాను.

అంతకంటే చెప్పలేదు. ఆమె మళ్ళీ కళ్ళు మూసుకుంది.

24-1-44, సోమవారం

తెల్లవారుజామున పోయింది, తోమేవా అన్నదే ఆఖరి మాట.

25-1-44

నిన్న సాయంత్రం అసర్ నమాజు తరవాత మట్టి చేశాం. జనం బాగా వచ్చారు. అందరూ ఒకటే మాట. పచ్చి గడ్డి పెట్టి చంపేడు. ముసలిదాన్ని ఉప్పు లేకుండా ఎండగట్టేడు. బెల్లం బజారు వాళ్ళు కూడా అదే అన్నారు. ఎవరో నా భుజం మీద చెయ్యి వేసి, నీ తప్పేటుంది మామా, నమ్మేవు అన్నాడు.

తిరిగి వస్తుంటే కబరస్తాన్ గోడ పక్కన పంతులు గారు నిలబడి ఉన్నారు. తలకి తువ్వాల చుట్టుకుని ఉన్నారు. లోపలికి రావచ్చో రాకూడదో తెలియక అక్కడే నిలబడిపోయినట్టున్నారు. నన్ను చూసి దగ్గరికి వచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నా వల్లే జరిగింది సాహెబు గారూ" అన్నారు.

నేను తల ఊపాను.

26-1-44

తల ఊపాను. ఓదార్చడానికి ఊపినట్టు అనుకుని ఉంటారేమో. విన్నాను అని చెప్పడానికి ఊపినట్టు. అలా కూడా అనుకోవచ్చు.

అనుకోరు.

2-2-44, బుధవారం

అమ్మాయి వెళ్ళింది. నలభయ్యో రోజుకి వస్తానంది.

పని మొదలు పెట్టలేదు. తిత్తి కొక్కేనికి వేలాడుతోంది. గిన్నెలు తెచ్చిన వాళ్ళకి ఒంట్లో బాగాలేదని చెప్పి పంపేస్తున్నాను.

15-2-44, మంగళవారం

శారద ఒడ్డుకి వెళ్ళాను. పంతులు గారి పాక ఖాళీగా ఉంది. స్నానాలకి కట్టిన తొట్టి పగలగొట్టి ఉంది. మట్టి పట్టీల గుడ్డలు కంప మీద పడి ఉన్నాయి. అక్కడ బట్టలు ఉతుకుతున్న ఆమె చెప్పింది.

"రోగులు ఒకలెనక ఒకలు ఎల్లిపోనారు బాబూ. రాత్రేల ఎవులో ఒచ్చి తొట్టి బద్దలుకొట్టేరు. ఆయన మారు మాటాడ్నేదు. పుస్తకాలు మూటగట్టి పరవాడ అప్పగారింటికి ఎల్లిపోనాడు. ఇంకెవులికీ వైద్దం సెయ్యనని సెప్పేడు. సాయిబు పెళ్ళాన్ని సంపేసేనని ఏడిసేడు, మా ముందరే."

ఆ సాయిబుని నేనేనని ఆమెకి తెలియదు.

పాకలో గోడ మీద ఆయన చేతిరాతతో ఇంకా ఉంది, ఏ నెలలో ఏ కూర పచ్చిగా తినవచ్చో. మాఘమాసం దగ్గర ముల్లంగి, పాలకూర అని ఉంది. గుండ్రటి అక్షరాలు.

16-2-44

ఆస్పత్రికి వెళ్ళాను. ఆ డాక్టరు చెబితే జనం వింటారు కదా అనుకున్నాను. మిలిటరీలోకి వెళ్ళిపోయాడట. అస్సాం వైపు అన్నారు. ఆయన ఏమైనా రాసి పెట్టాడా అని అడిగాను. కాంపౌండరు చీటీల కట్ట తిరగేసి, నీరు వ్యాధి అని ఉందన్నాడు.

22-2-44

రాయడానికి ఏం లేదు.

29-2-44, మంగళవారం

ఇంతకాలం ఆమె గురించే ఆలోచించాను. ఇవాళ ఇంకొకటి తట్టింది. సింగపూరు పోయిన దగ్గర నుంచి రెండేళ్ళు. ఈ రెండేళ్ళలో ఎన్ని ఇళ్ళకి వేశాను. గవరపాలెం, బెల్లం బజారు, స్టేషను రోడ్డు, మా వీధి. ఆ గిన్నెలన్నీ పొయ్యి మీదే ఉన్నాయి.

కూర్చోలేకపోయాను.

4-3-44, శనివారం

నలభై అయింది. ఫాతెహా చదివించాం. వచ్చిన వాళ్ళు తిని వెళ్ళాక అమ్మాయికి చెప్పాను. గిన్నె దించి ముందు పెట్టి చెప్పాను. జీవితంలో ఒక్కసారిగా ఇన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు. సీసం సంగతి, నిమ్మకాయ సంగతి, డాక్టరు చూపించిన గీత, అన్నీ.

అమ్మాయి విన్నది. గిన్నె లోపల వేలు పెట్టి రాసి చూసింది. తరవాత నా తల మీద చెయ్యి వేసింది.

"ఆ పంతుల్ని కాపాడ్డానికి నీ నెత్తినేసుకుంటున్నావా అబ్బా? నువ్వు మెత్తనోడివని నాకు తెల్దా. ఊరంతా నీ గిన్నెల్లోనే ఒండుకుంటోంది. ఎవరు పోయేరు?"

గిన్నె మళ్ళీ నా దగ్గరికి లాక్కున్నాను.

"మా ఇంటికి ఒచ్చేయ్. ఒక్కడివీ ఉంటే ఇలాటివే తోస్తాయి" అంది.

6-3-44, సోమవారం

సత్తియ్య పంతులు గారూ.

ఈ పుస్తకం మీకు ఇవ్వకూడదని అనుకున్నాను. ఇప్పుడు ఒక్క కాగితం కూడా చింపకుండా పంపుతున్నాను. రేపు పరవాడ బండికి ఇస్తాను. మొదటి నుంచి చదవండి. డిసెంబరు పన్నెండు దగ్గర ఆగి చూడండి. చీలమండ ఎముక కనిపించిన రోజు. మీ కూరలు మంచే చేశాయి. ఆమె లేచి తిరగవలసిన మనిషి. మీరు చెప్పిన మూకుడులోనే కలిపి ఉంటే తిరిగేది. చంపింది నా కళాయి. మీరు అడిగినప్పుడు తల ఊపాను. గోడ దగ్గర మళ్ళీ ఊపాను.

నిన్నా ఇవాళా ఇళ్ళకి వెళ్ళాను. మొదట పక్కింటికే. దేముడమ్మ తపేలాకి కిందటి దసరాకి నేనే కళాయి వేశాను. అందులో పులుపు వండకమ్మా, సీసం ఉంది, గీకేస్తాను ఇలా ఇయ్యి అన్నాను.

"గీకేసి ఏటేత్తావు మామా? తగరం ఉన్నాదా?"

లేదు అన్నాను.

"మరి దేన్లో ఒండుకోమంతావు? కొత్త తపేలా కొందామంటే బజార్లో గరిటైనా దొరుకుతాందా యుద్ధం రోజుల్లో? బీబమ్మ పోయిన కాణ్ణించి నీకు మనసు బాగునేదు. ఎల్లి పడుకో. గంజట్టుకొత్తాను."

అన్ని ఇళ్ళలోనూ ఇంచుమించు ఇదే. కొందరు నవ్వారు. ఒకాయన, ముసలాడికి మతి చెడింది, పాపం, ఆ పచ్చికూరల పంతులు చేసిన పని ఇది అని నా ముందే అన్నాడు. స్టేషను రోడ్డులో ఒక్క ఇల్లు మాత్రం గిన్నె ఇచ్చింది. వాళ్ళ పిల్లకి నెల రోజులుగా కడుపు నొప్పి. గీకి ఇచ్చాను. మట్టికుండ కొనిచ్చాను.

నా మాట ఎవరూ నమ్మరు. ఎప్పుడూ మాట్లాడని వాణ్ణి. చదువుకున్న మనిషి చెబితే వింటారు. ఈ ఊళ్ళో ఒంటి సంగతి తెలిసి, నిదానంగా చెప్పగలిగిన మనిషి మీరు ఒక్కరు. మిమ్మల్నే తరిమేశాం. నేను ఊరుకుని తరిమాను.

నేనే పరవాడ వచ్చి చెబుదామనుకున్నాను. వస్తే మీరు, పోనివ్వండి సాహెబు గారూ, మీ తప్పు లేదు అంటారు. నేను తల ఊపుతాను. అందుకే రావడం లేదు.

నన్ను క్షమించమని అడగడం లేదు. ఈ పుస్తకం నిజమేనని, సీసం కళాయిలో పులుపు పెట్టకూడదని మీ గుండ్రటి అక్షరాలతో ఒక కాగితం రాసి పంపండి. పట్టుకుని మళ్ళీ ప్రతి గుమ్మం ఎక్కుతాను. మీకు ఈ ఊరి మొహం చూడాలని ఉండదు. అయినా రాయండి.

ఇప్పుడు సాయంత్రమైంది. దేముడమ్మ పొయ్యి మీద తపేలా పెట్టింది. చింతపండు పులుసు కాగుతున్న వాసన గోడ దాటి వస్తోంది. జవాబు తొందరగా రాయండి.